గ్యాసు పొయ్యా, కరెంటు పొయ్యా? తేల్చేది మీటరే!

మిర్యాలగూడ: ఇంటికి ఏ పొయ్యి మేలు అన్న ప్రశ్న ఒకప్పుడు కట్టెలకూ, కిరసనాయిలుకూ మధ్య వుండేది. తర్వాత కట్టెలకూ, గ్యాసుకూ మధ్యకు వచ్చింది. ఇప్పుడది గ్యాసుకూ, కరెంటుకూ మధ్య నడుస్తున్నది. ఒకవైపు 500 రూపాయల గ్యాసు బండ, మరొకవైపు 200 యూనిట్ల ఉచిత కరెంటు అందుతున్న పల్లె గృహిణికి ఈ ప్రశ్న మరీ చిక్కుగా తయారైంది.

కరెంటు ఉచితమే కదా అని గ్యాసు పొయ్యిని అటకెక్కించిన ఇంటికి నెల తిరిగేసరికి వెయ్యి రూపాయలు దాటిన బిల్లు రావచ్చు. కరెంటు పొయ్యి అంటేనే జంకి, వంట మొత్తం గ్యాసు మీదనే చేసుకునే ఇల్లు తనకు ఉచితంగా రావలసిన యూనిట్లను నెలనెలా వదులుకుంటున్నది. ఈ రెండింటికీ మధ్య ఒక దారి వున్నది. లెక్క వేసుకుంటే తప్ప అది కనబడదు.

రెండు పథకాలు, రెండు మెలికలు

తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 27న రెండు పథకాలను ఒకేరోజు ప్రారంభించిన సంగతి విదితమే. మహాలక్ష్మి పథకం కింద తెల్ల రేషన్ కార్డు కలిగిన అర్హులకు వంటగ్యాసు బండ 500 రూపాయలకు పడుతుంది. గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు వాడుకున్న ఇంటికి సున్నా బిల్లు వస్తుంది.

కాగా, ఈ రెండింటిలోనూ ఒక్కొక్క మెలిక వున్నది. బండ 500 రూపాయలకే అన్నప్పటికీ, బండి వాకిట్లోకి వచ్చినప్పుడు పూర్తి ధర చెల్లించవలసిందే. మిగిలిన సొమ్ము తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఏడాదికి ఎన్ని బండలకు ఈ రాయితీ అన్నది కూడా ఆ కుటుంబం గడచిన మూడేళ్లలో సగటున వాడుకున్న బండలను బట్టి నిర్ణయించారు.

కరెంటు మెలిక ఇంకా గట్టిది. 200 యూనిట్ల వరకు ఉచితం అంటే, 210 యూనిట్లు కాల్చిన ఇల్లు పై 10 యూనిట్లకు మాత్రమే డబ్బు కడితే చాలునని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. గీత దాటిన నెలలో మొదటి యూనిట్ నుంచీ బిల్లు కట్టవలసిందే. పైగా 200 దాటిన వారికి మొదటి 200 యూనిట్లకు కూడా యూనిట్‌కు 5 రూపాయల 10 పైసల చొప్పున, ఆపైన 300 వరకు 7 రూపాయల 70 పైసల చొప్పున లెక్క కడతారు. 2022 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన రేట్లివి. అంటే 200 యూనిట్ల దగ్గర సున్నా వున్న బిల్లు, 201వ యూనిట్ దగ్గర ఇతర ఛార్జీలు కలపకుండానే 1,027 రూపాయల 70 పైసలు అవుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయలన్న మాట.

పొయ్యిల సంగతి మాట్లాడుకునే ముందు ఈ గీతను గుర్తు పెట్టుకోవాలి. తక్కిన లెక్కంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఒక బండకు ఎన్ని యూనిట్లు?

గ్యాసును కిలోల్లో కొంటాము. కరెంటును యూనిట్లలో వాడతాము. ఈ రెంటినీ ఒకే తక్కెడలో వేస్తే గాని ఏది చౌకో తెలియదు.

ఇళ్లకు వచ్చే బండలో 14.2 కిలోల గ్యాసు వుంటుంది. కిలో గ్యాసు పూర్తిగా మండితే వచ్చే వేడి సుమారు 12.7 యూనిట్ల కరెంటుతో సమానం. ఆ లెక్కన బండ మొత్తంలో 180 యూనిట్ల వేడి వున్నది. అయితే మంట వేడి అంతా గిన్నెకు చేరదు. గిన్నె చుట్టూ ఎగసి గాలిలో కలిసిపోయేదే చాలా వుంటుంది. ఐ.ఎస్.ఐ. ముద్ర వున్న గ్యాసు పొయ్యి నూటికి కనీసం 68 పాళ్ల వేడిని గిన్నెకు అందించాలన్నది ప్రమాణం. అంటే బండలో గిన్నెకు ముట్టేది 122 యూనిట్ల వేడి.

ఇండక్షన్ పొయ్యి దారి వేరు. దానికి మంట లేదు. గాజు పలక కింద వున్న తీగచుట్ట అయస్కాంత శక్తిని పుట్టిస్తే, గిన్నె అడుగే నేరుగా వేడెక్కుతుంది. అందువల్ల మీటరులో తిరిగిన నూరు పాళ్లలో 85 పాళ్ల వరకు గిన్నెకు చేరుతుంది. 122 యూనిట్ల వేడి కావాలంటే మీటరులో 144 యూనిట్లు తిరగాలి.

ఇంటి లెక్కకు ఒక బండ అంటే 145 యూనిట్లు అని గుర్తు పెట్టుకుంటే చాలు. పాతకాలపు కాయిల్ పొయ్యి అయితే ముందు కాయిల్ కాలి, తర్వాత గిన్నె కాలాలి గనుక నష్టం ఎక్కువ. దాని మీద అదే వంటకు 160 యూనిట్లు దాటవచ్చు.

ఐదుగురున్న ఇంటి లెక్క

సాగర్ ఎడమ కాలువ కింద ఒక చిన్నరైతు కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఇంట్లో ఐదుగురు. బండ 45 రోజులు వస్తుంది. లైట్లు, ఫ్యాన్లు, టి.వి., ఫ్రిజ్ కలిపి మామూలు నెలల్లో 120 యూనిట్లు కాలుతుంది. తెల్లకార్డు వున్నది. రెండు పథకాలూ అందుతున్నాయి.

ఈ ఇల్లు వంట మొత్తం గ్యాసు మీద చేసుకుంటే కరెంటు బిల్లు సున్నా. రాయితీ పోను బండ ఖర్చు నెలకు సుమారు 333 రూపాయలు.

వంట మొత్తం ఇండక్షన్ మీదకు మారిస్తే నెలకు మరో 96 యూనిట్లు కావాలి. 120కి 96 కలిపితే 216. గీత దాటింది. బిల్లు 1,143 రూపాయలు. గ్యాసు మీద ఆదా అయిన 333 పోను, ఆ ఇంటికి నెలకు 810 రూపాయల నష్టం.

సగం వంట గ్యాసు మీద, సగం ఇండక్షన్ మీద చేసుకుంటే అదనంగా కాలేది 48 యూనిట్లు. మొత్తం 168. బిల్లు సున్నా. గ్యాసు ఖర్చు 333 నుంచి 167 రూపాయలకు దిగుతుంది. బండ 45 రోజులకు బదులు 90 రోజులు వస్తుంది.

ఒకే ఇల్లు, అదే అన్నం, అవే కూరలు. మారింది ఏ పొయ్యి మీద ఎంత వండారన్నదే. దాన్నిబట్టి నెల ఖర్చు 167 రూపాయల నుంచి 1,143 రూపాయల వరకు పోతున్నది.

తెల్లకార్డు లేని ఇల్లు

పథకాలు అందని ఇంటికి లెక్క వేరు. 2025 ఏప్రిల్ 8న బండకు 50 రూపాయలు పెంచిన తర్వాత హైదరాబాదులో దాని ధర 905 రూపాయలైంది. జిల్లాల్లో రవాణా దూరాన్ని బట్టి కొంత తేడా వుంటుంది. లెక్కకు సులువుగా వుండటానికి 900 అనుకుందాం. ధర మారినప్పుడు ఎవరికి వారు ఆ అంకె మార్చుకుంటే సరిపోతుంది.

ఇందాకటి లాంటి ఐదుగురి ఇంట్లోనే గ్యాసు ఖర్చు నెలకు 600 రూపాయలు. 120 యూనిట్ల కరెంటుకు, మొదటి 100కు 3 రూపాయల 40 పైసలు, మిగిలిన 20కి 4 రూపాయల 80 పైసల చొప్పున 436 రూపాయలు. మొత్తం 1,036. వంట అంతా కరెంటు మీదకు మారిస్తే 216 యూనిట్లకు 1,143 రూపాయలు. అంటే నెలకు 107 రూపాయలు ఎక్కువే. సగం సగం చేసుకుంటే 168 యూనిట్లకు 666 రూపాయలు, గ్యాసుకు 300, మొత్తం 966. అంటే నెలకు 70 రూపాయలు మిగులు.

ఇక్కడ కూడా సగం సగమే గెలిచింది. కారణం కూడా అదే. 200 లోపల అదనపు యూనిట్ 4 రూపాయల 80 పైసలకు దొరుకుతుంది. గీత దాటగానే ముందు కాల్చిన యూనిట్ల ధర కూడా పెరిగిపోతుంది.

పిల్లలు పట్నాల్లో స్థిరపడి, వృద్ధ దంపతులు మాత్రమే మిగిలిన ఇళ్లు పల్లెల్లో పెరిగిపోతున్నాయి. ఇటువంటి ఇంట్లో మామూలు వాడకం 60 యూనిట్లు వుండి, బండ మూడు నెలలు వచ్చేటట్లయితే వంట మొత్తం కరెంటు మీదకు మార్చినా 108 యూనిట్లు దాటదు. తెల్లకార్డు వుంటే ఆ ఇంటికి వంటచెరకు ఖర్చే వుండదు. బండను కదిలించడం, రెగ్యులేటరు బిగించడం కష్టమయ్యే వయసులో అది చిన్న మేలు కాదు.

ఎండాకాలం వస్తే లెక్క తారుమారు

ఈ లెక్కలన్నీ మామూలు నెలలకే వర్తిస్తాయి. మార్చి చివర నుంచి ఇంట్లో కూలరు తిరగడం మొదలవుతుంది. 180 వాట్ల కూలరు రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 54 యూనిట్లు. 120 యూనిట్ల ఇల్లు 174కు చేరుతుంది. పొయ్యికి మిగిలేది 26 యూనిట్లు మాత్రమే. అంటే రోజుకు ఒక యూనిట్ కూడా లేదు.

ఆ ఒక్క యూనిట్‌తో ఏమవుతుంది? లీటరు నీళ్లు మరగడానికి ఇండక్షన్ మీద సుమారు యూనిట్‌లో పదో వంతు చాలు. కనుక ఉదయం టీ, పాలు కాచుకోవడం, పూట అన్నం వండుకోవడం ఆ యూనిట్‌లోనే అయిపోతాయి. కూర, పప్పు, రొట్టె గ్యాసు మీదకు వెళ్లాలి. వానలు పడి కూలరు ఆగిన తర్వాత మళ్లీ సగం వంట కరెంటు మీదకు తెచ్చుకోవచ్చు.

దీనికి కావలసింది పెద్ద చదువేమీ కాదు. బిల్లు కొట్టే మనిషి వచ్చి వెళ్లిన రోజున మీటరు మీది అంకెను క్యాలెండరులో రాసి పెట్టుకోవాలి. 15 రోజులకు మళ్లీ చూడాలి. 100 దాటివుంటే కరెంటు పొయ్యి వాడకం తగ్గించుకోవాలి. 80 దగ్గర వుంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. చిట్టీల లెక్క, పాల లెక్క తప్పకుండా రాసుకునే గృహిణులకు ఇదొక లెక్క కాదు.

లైను చివరి ఇల్లు

పైసల లెక్క ఇలా వుండగా, తీగ సంగతి మరొకటి. కరెంటు పొయ్యి పని చేయాలంటే కరెంటు వుండాలి, అదీ సరిపడా వోల్టేజితో వుండాలి. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్కేంద్రాన్ని నిర్మించారు. అవతల నాగార్జునసాగర్ జలవిద్యుత్కేంద్రం వుండనే వుంది. అయినా ఇంటికి వచ్చే వోల్టేజిని నిర్ణయించేది పెద్ద కేంద్రాలు కావు. ఊరి మధ్య వున్న ట్రాన్స్‌ఫార్మరు, అక్కడి నుంచి ఇంటిదాకా లాగిన తీగ.

230 వోల్టుల మీద 2,000 వాట్లు ఇచ్చే కాయిల్ పొయ్యి, వోల్టేజి 180కి పడిపోతే 1,225 వాట్లే ఇస్తుంది. అరగంటలో కావలసిన వంట ముప్పావు గంట దాటినా కాదు. ఇండక్షన్ పొయ్యిలు చాలావరకు వోల్టేజి మరీ పడిపోతే కూతపెట్టి ఆగిపోతాయి. లైను చివర వున్న ఇళ్లకు ఈ బాధ ఎక్కువ.

ఊరు ఊరంతా ఒక్కసారి మారితే సమస్య ఇంకా పెద్దది. 2 కిలోవాట్ల పొయ్యిలు 50 ఒకే సమయంలో వెలిగితే 100 కిలోవాట్ల భారం. 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు మోయగలిగిన దంతా అవే తినేస్తాయి. లైట్లు, ఫ్యాన్లు, టి.వి.లు దాని మీద అదనం. పల్లెల్లో రాత్రి వంట అందరిదీ దాదాపు ఒకే సమయంలో జరుగుతుందన్నది గమనార్హం. గాలిదుమారం వచ్చి స్తంభం కూలిన రోజున ఆ పూట వంట ఏమిటన్నది వేరే ప్రశ్న.

ఈ విషయమై ఇళ్లలో అత్తాకోడళ్ల మధ్య వాదన వినబడుతూనే వుంటుంది. "కరెంటు పోతే పిల్లగాని పాలు ఏడ కాగవెడ్తవు బిడ్డా?" అని అత్త అడిగితే, "గ్యాసు అయిపోయిన్నాడు ఏడ కాగవెడ్తం అత్తమ్మా?" అని కోడలు తిరిగి అడుగుతుంది. ఇద్దరి మాటలోనూ నిజం వున్నది. రెండు పొయ్యిలూ వున్న ఇంట్లో ఆ వాదనకు తావు వుండదు.

గిన్నెలు మార్చాలా?

ఇండక్షన్ పొయ్యి ధర రెండు మూడు వేల రూపాయలే కదా అని తెచ్చుకున్న తర్వాత అసలు చిక్కు బయటపడుతుంది. ఇంట్లో సిల్వర్ గిన్నెలని పిలుచుకునే అల్యూమినియం పాత్రలు దాని మీద వేడెక్కవు. రాగివి, మట్టివి అంతే. ఇనుప పెనం, కొన్ని రకాల స్టీలు గిన్నెలు పనికివస్తాయి. అడుగు సమతలంగా వుండాలి. గుండ్రటి అడుగున్న బాండీ పనికిరాదు. కొనే ముందు ఇంట్లో గిన్నెల అడుగున అయస్కాంతం పెట్టి చూసుకోవడం మంచిది. గట్టిగా అంటుకున్న గిన్నె పనికి వస్తుంది, అంటుకోనిది పనికిరాదు. పాత కుక్కరు అల్యూమినియందైతే ఇండక్షన్ అడుగున్న కుక్కరు మరొకటి కొనవలసి వుంటుంది. ఆ ఖర్చు కూడా కలిపి చూసుకున్న తర్వాతే పొయ్యి చౌకో కాదో తేలుతుంది.

వంటను బట్టి కూడా తేడా వున్నది. పాలు, టీ, అన్నం, పప్పు, నీళ్లు కాచుకోవడం ఇండక్షన్ మీద త్వరగా అవుతాయి. గిన్నె తీయగానే పొయ్యి ఆగిపోతుంది గనుక మరచిపోయినా నష్టం తక్కువ. జొన్నరొట్టెను మంట మీద పొంగించాలన్నా, పచ్చడికి వంకాయ కాల్చాలన్నా, పండగనాడు పెద్ద బాండీలో సకినాలు గోలించాలన్నా గ్యాసు మంటే కావాలి. ఏ వంట ఏ పొయ్యి మీద అన్నది గృహిణి నాలుగు రోజుల్లో తానే పంచుకోగలదు. ఆ పంపకం పైన చెప్పిన సగం సగం లెక్కకు సరిగ్గా సరిపోవడం కలిసివచ్చే విషయం.

ప్రమాదం రెండింటిలోనూ వుంది

గ్యాసు పేలుతుందని కొందరు, కరెంటు కొడుతుందని మరికొందరు భయపడుతుంటారు. రెండు భయాలూ న్యాయమైనవే. రెండింటికీ జాగ్రత్తలు వేరువేరు.

వంటగ్యాసు గాలి కంటె బరువైనది. కారితే పైకి పోదు. నేల మీద పరచుకుని మూలల్లో, మంచాల కింద నిలుస్తుంది. దానికి స్వతహాగా వాసన వుండదు. కారినప్పుడు తెలియడానికే వాసన కలిగే పదార్థం కలుపుతారు. వాసన వచ్చినప్పుడు లైటు వేయకూడదు, వెలుగుతున్న లైటు ఆర్పనూ కూడదు. స్విచ్చి దగ్గర పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. రెగ్యులేటరు కట్టి, తలుపులు కిటికీలు తెరిచి, బయటకు వచ్చి 1906 నంబరుకు ఫోను చేయాలి. గ్యాసు పైపును ఐదేళ్లకొకసారి తప్పక మార్చాలి. ఎలుకలు కొరికిన ఆనవాలు కనబడితే ఆ రోజే మార్చాలి.

బండ దింపుకునేటప్పుడు పైన పిడి దగ్గర లోపలివైపు రాసి వుండే అక్షరాన్ని చూడాలి. ఎ, బి, సి, డి అన్నవి ఏడాదిలో మూడేసి నెలల భాగాలు. పక్కన వున్న అంకె సంవత్సరం. బి-27 అని వుంటే 2027 జూన్ నెలాఖరు లోపల ఆ బండను మళ్లీ పరీక్షించాలని అర్థం. గడువు దాటిన బండను తిప్పి పంపే హక్కు వినియోగదారునికి వున్నది.

కరెంటు పొయ్యికి వచ్చే ప్రమాదం గోడలోనే వుంటుంది. 2,000 వాట్ల పొయ్యి సుమారు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఫ్యానుకూ, ఫోను ఛార్జరుకూ పెట్టిన 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు దానిని మోయలేదు. తీగ కాలి, ప్లగ్గు కరిగి, గోడలోపల నిప్పు అంటుకునే ప్రమాదం వున్నది. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద కరెంటు పొయ్యి పెట్టడం మరీ అపాయం. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, దానికి మీటరు బోర్డు నుంచి విడిగా లాగిన మందపాటి రాగి తీగ, సరైన ఎర్తింగు తప్పనిసరి. ఎర్తింగు లేని పాత ఇళ్లు పల్లెల్లో ఎన్నో వున్నాయి. తడినేల మీద వట్టికాళ్లతో నిలబడి వంట చేసే ఇల్లాలికి ఎర్తింగు ప్రాణరక్షణతో సమానం. పొయ్యికి మూడు వేలు పెట్టిన ఇంటివారు తీగకూ, ఎర్తింగుకూ మరో వెయ్యో రెండువేలో పెట్టడానికి వెనుకాడటం విచారకరం.

ఇంటి కనెక్షన్ ఎన్ని కిలోవాట్లకు తీసుకున్నారన్నది కూడా బిల్లు మీద చూసుకోవాలి. అర కిలోవాటుకో, ఒక కిలోవాటుకో తీసుకున్న కనెక్షన్ మీద 2 కిలోవాట్ల పొయ్యి వెలిగించేముందు లోడు పెంచుకోవడం సబబు. ఊరి లోడు ఎంతో కాగితం మీద తెలిస్తేనే ట్రాన్స్‌ఫార్మరు పెంచే ఆలోచన అధికారులకు వస్తుంది.

ఇంకా ఆరని కట్టెల పొయ్యి

గ్యాసా, కరెంటా అని వాదించుకుంటుండగానే మూడవది ఒకటి పెరట్లో మండుతూనే వున్నది. దేశంలో ఇండేన్ గ్యాసు 1965లో కలకత్తాలో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకం డ్వాక్రా మహిళల ఇళ్లకు గ్యాసు తెచ్చింది. 2016 మే 1న కేంద్రం మొదలుపెట్టిన ఉజ్వల పథకం కింద దేశమంతటా పది కోట్లకు పైగా కనెక్షన్లు ఇచ్చారు. ఇన్ని జరిగినా పత్తి కట్టె, కంది కట్టె చేలో దొరికే కాలంలో స్నానాల నీళ్లు, పశువుల దాణా మాత్రమే కాక అన్నం కూడా కట్టెల మీద వుడికే ఇళ్లు ఎన్నో వున్నాయి. రైసుమిల్లుల ప్రాంతం గనుక ఒకప్పుడు ఇక్కడ వూకపొయ్యిలు కూడా విరివిగా వెలిగేవి.

దీనికి అలవాటు ఒక్కటే కారణం కాదు. బండ దింపుకునే రోజున పూర్తి ధర చేతిలో వుండాలి. కూలి డబ్బు వారానికి వచ్చే ఇంట్లో తొమ్మిది వందలు ఒక్కసారిగా తీయడం కష్టం. రాయితీ తర్వాత ఖాతాలో పడుతుందన్న భరోసా ఆ పూట పొయ్యి వెలిగించదు. ఈ ఇళ్లకు మాత్రం కరెంటు పొయ్యి నిజమైన మేలు చేయగలదు. ముందుగా డబ్బు కట్టనక్కరలేదు. బండ అయిపోయిన నాటి నుంచి కొత్త బండకు డబ్బు కూడేదాకా వున్న పది పదిహేను రోజులూ ఉచిత యూనిట్ల మీద వండుకుంటే, పొగ ముఖం చూడవలసిన పని వుండదు. కళ్ల మంట, దగ్గు, ఆయాసం, పొయ్యి పక్కన ఆడుకునే పసిపిల్లల ఊపిరితిత్తులు, ఇవన్నీ ఏ బిల్లులోనూ కనబడని ఖర్చులు.

ఉభయులూ వుంటేనే

దేశానికి కావలసిన వంటగ్యాసులో సుమారు 60 శాతం విదేశాల నుంచి, అందులో ఎక్కువ భాగం గల్ఫ్ దేశాల నుంచి దిగుమతి అవుతున్నది. అక్కడ కలత పుడితే ఇక్కడ బండ ధర కదులుతుంది. కరెంటు మన నేల మీది బొగ్గు నుంచి, నీటి నుంచి, ఎండ నుంచి వస్తుంది గాని, ఊరి తీగ దాటి ఇంటికి చేరడంలో తడబడుతుంది. ఒక్కదాన్నే నమ్ముకున్న ఇల్లు ఎప్పుడో ఒకనాడు ఇబ్బంది పడక తప్పదు.

కనుక గ్యాసు కనెక్షన్ వదులుకోవద్దు. వీలైతే ఒక ఇండక్షన్ పొయ్యిని, దానికి తగిన తీగతో, ఎర్తింగుతో పక్కన చేర్చుకోవాలి. 200 గీత లోపల ఎంత వీలైతే అంత కరెంటు మీద, మిగిలినది గ్యాసు మీద వండుకోవాలి. ఐదుగురి ఇంటికైనా, ఇద్దరి ఇంటికైనా ఈ సూత్రం ఒక్కటే. పాళ్లు మాత్రం వేరు.

ఇక అధికారులు చేయవలసినది కొంత వున్నది. నెల మధ్యలో 150 యూనిట్లు దాటిన ఇంటికి ఫోనులో ఒక కబురు పంపితే ఎందరో గీత దాటకుండా జాగ్రత్తపడతారు. బిల్లు మీదనే "ఉచిత పరిమితికి ఇంకా ఇన్ని యూనిట్లు మిగిలాయి" అని అచ్చువేస్తే ఇంకా మంచిది. లైను చివరి ఇళ్ల వోల్టేజి సంగతి చూడటం, ఎర్తింగు లేని ఇళ్లకు మహిళా సంఘాల ద్వారా ఆ సౌకర్యం కల్పించడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. రాయితీలు ఇవ్వడంతో ప్రభుత్వం పని తీరదు. ఆ రాయితీ పల్లె ఇంట్లో పొయ్యి దాకా చేరేటట్లు చూడవలసిన బాధ్యత కూడా వున్నది.

అంతవరకు గృహిణులు క్యాలెండరు మీద మీటరు అంకె రాసి పెట్టుకోవడమే మార్గం. ఈ నెల రీడింగు తీసిన రోజు నుంచే ఆ పని మొదలుపెడితే, వచ్చే నెల బిల్లే దాని ఫలితం చెబుతుంది.